కిలో ఉప్పు ప్యాకెట్ మీ ఇంట్లో ఎన్నాళ్ళొస్తోంది?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సింగరాయకొండలో ఉంటారు, మామయ్యగారికి 61 ఏళ్ళు, బీపీ 152/94 వచ్చింది. డాక్టరు మాత్ర రాసి, ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదన్నారు. ఇంటికొచ్చాక అసలు చిక్కు మొదలైంది. 5 గ్రాములంటే ఎంత, ఏ కూరలో ఎంత పడుతోంది, ఎవరు కొలవాలి? అత్తయ్యగారేమో "మనింట్లో ముందునుంచీ తక్కువే" అంటున్నారు. ఫోన్‌లో యాప్ పెట్టుకోవాలా, సైంధవ లవణం మంచిదేనా, తక్కువ సోడియం ఉప్పు కొనొచ్చా, కొంటే కనిగిరిలో ఉన్న మీ అమ్మానాన్నలకూ ఒక ప్యాకెట్ పంపొచ్చా అని అడిగారు.

నేను డాక్టర్ని కాను. కావలిలో 26 ఏళ్ళు భోజనం హోటల్ నడిపాను, ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. 2011 నుంచి నాకూ బీపీ ఉంది. అంటే నలుగురికీ ఉప్పు వేసి పెట్టి బతికినవాడిని, తర్వాత అదే ఉప్పు తగ్గించుకోలేక తిప్పలు పడినవాడిని. ఈ రెండు అనుభవాలతోనే చెబుతున్నాను.

అత్తయ్యగారి మాట గురించి ముందు చెప్పాలి. ఆవిడ అబద్ధమాడటం లేదు. ఉప్పు ఎక్కువ తింటున్నామని ఏ ఇంట్లోనూ ఎవరూ అనుకోరు. రోజూ తినేదే మనకు సమానంగా అనిపిస్తుంది, పక్కింటి కూర ఉప్పగా అనిపిస్తుంది, పక్కింటివాళ్ళకు మనది అనిపిస్తుంది. పైగా వయసు మీద పడేకొద్దీ నాలుకకు ఉప్పు ఆనదు. చుట్టలు, సిగరెట్లు తాగేవాళ్ళకు ఇంకా ఆనదు. మా హోటల్లో వంట చేసిన అల్లూరు పెద్దాయన చుట్ట మనిషి. అందుకే రుచి ఆయన చూసినా, ఉప్పు సరిపోయిందో లేదో కూరలు తరిగే కుర్రాడి చేత చూపించేవాణ్ణి. మీ ఇంట్లో ఉప్పు చూసేది ఎవరో గమనించండి. అత్తయ్యగారే అయితే, ఆవిడకు సరిపోయిన ఉప్పు మిగతా అందరికీ ఎక్కువై ఉండొచ్చు.

ఇక కొలత. అందరూ కూర కూరకీ లెక్క మొదలుపెడతారు, పప్పులో ఎంత, వేపుడులో ఎంత అని. నాలుగో రోజుకు విసుగొచ్చి మానేస్తారు, నేనూ మానేశాను. నాకు పనికొచ్చింది ఒకటే పద్ధతి. కొత్త కిలో ప్యాకెట్ విప్పిన రోజు తేదీని దాని మీదే పెన్నుతో రాయండి. అయిపోయిన రోజు మళ్ళీ తేదీ చూడండి. 1000ని రోజులతో భాగించి, వచ్చినదాన్ని ఇంట్లో తినే మనుషులతో భాగించండి. మనిషికి రోజుకు ఎన్ని గ్రాములో తేలిపోతుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు నలుగురు, ఐదేళ్ళ బాబు ఒకడు. బాబును సగంగా వేసుకుంటే నాలుగున్నర. తలకు 5 గ్రాములైతే రోజుకు ఇరవై రెండున్నర గ్రాములు. కిలో ప్యాకెట్ 44 రోజులు రావాలి. మీవారు మధ్యాహ్నం బయట తింటుంటే ఆయన్నీ సగం చేయండి, అప్పుడు 50 రోజులు రావాలి. అదీ పచ్చళ్ళు, అప్పడాలు, బయటి తిళ్ళు ఏవీ లెక్కలోకి రాకముందు. ఇప్పుడు మీ ఇంట్లో ప్యాకెట్ ఎన్నాళ్ళకు కొంటున్నారో గుర్తు చేసుకోండి. ఈ లెక్క మా ఇంట్లో చెప్పినప్పుడు మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

మా ఇంట్లో మేం నలుగురం. మొదటి ప్యాకెట్ 23 రోజులకే ఖాళీ అయింది, అంటే తలకు 11 గ్రాములు. అప్పుడు మా కోడలు ఒక మాట అంది, "చేపలు కడిగే ఉప్పు కూడా ఇందులోదే కదా మామయ్యా" అని. నిజమే. మన దగ్గర చేపలు తెస్తే రాళ్ళుప్పు, పసుపు వేసి జిగురు పోయేదాకా రుద్దుతాం. ఆ ఉప్పంతా కాలవలోకి పోయేదే, కడుపులోకి కాదు. దానికి వేరే డబ్బా పెట్టాం. తర్వాతి ప్యాకెట్ 26 రోజులొచ్చింది, తొమ్మిదిన్నర గ్రాములు దాటింది. అది అసలు లెక్క. నాలుగు నెలలు పోయాక 41 రోజులకు వచ్చింది, ఆరు గ్రాముల చిల్లర. మీరూ ముందు ఆ కడిగే ఉప్పును విడదీయండి, లేకపోతే తప్పు లెక్క చూసుకుని కంగారు పడతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలంటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2024లో విడుదల చేసిన ఆహార సూచనల్లోనూ అదే 5 గ్రాములుంది. సోడియంలో చెప్పాలంటే 2000 మిల్లీగ్రాములు. ఉప్పులో ఐదింట రెండు వంతులే సోడియం కాబట్టి 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. ఈ 400 ఒక్కటి గుర్తుంటే ఏ ప్యాకెట్ వెనకైనా లెక్క కట్టొచ్చు.

5 గ్రాములు కంటికెలా ఉంటుందంటే, మెత్తటి ఉప్పు టీస్పూన్‌తో తీసి పైన కత్తితో చదును చేస్తే దాదాపు ఆరు గ్రాములు. కాస్త వెలితిగా తీస్తే ఐదు. అదే గోపురంలా తీస్తే తొమ్మిది పది గ్రాములు కూడా పడుతుంది. రాళ్ళుప్పు మధ్యలో ఖాళీలుంటాయి కాబట్టి అదే స్పూన్‌లో తక్కువ తూగుతుంది. మా అల్లూరు పెద్దాయన స్పూన్ ముట్టడు, అంతా చేతి కొలతే. ఒకరోజు పట్టుబట్టి ఆయన పిడికిట్లోని రాళ్ళుప్పు ఐదుసార్లు తూకం వేయించాను. 58, 61, 60, 63, 59 గ్రాములు. నలభై ఏళ్ళ చెయ్యి అది. తర్వాత ఇంట్లో మా ఆవిడ మూడు వేళ్ళతో తీసే ఉప్పు తూచాను. ఒకసారి ఒకటిన్నర గ్రాములు, ఇంకోసారి మూడు. ఆవిడ తప్పేం లేదు, తడి చేతికి ఎక్కువ అంటుకుంటుంది, పొడి చేతికి తక్కువ. అందుకే ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టడం ఆపి ఒకే స్పూన్ పడేయండి, అది డబ్బాలోంచి బయటికి రాకూడదు. వంటింటి డిజిటల్ తక్కెడ నాలుగైదు వందలకు దొరుకుతుంది. నెల రోజులు వాడితే చాలు, ఆ తర్వాత కన్నే చెబుతుంది.

యాప్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. యాప్‌కు మీ ఇంటి పప్పు తెలియదు. "పప్పు, ఒక కప్పు" అని కొడితే ఎవరి వంటింటి లెక్కో చూపిస్తుంది. దానికంటే వారం రోజులు నోటు పుస్తకం పెట్టండి. గిన్నెలో పడిన ఉప్పు ఎంత, ఆ గిన్నె ఎందరికి వచ్చింది, అంతే రాయండి. వారం చాలు. జీవితాంతం రాసుకుంటూ కూర్చునే పని కాదిది.

అట్లా నేను రాసుకున్న ఒక మామూలు రోజు చెబుతాను. గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ పిండికి రెండు స్పూన్లు, అంటే 12 గ్రాముల ఉప్పు. ముప్పై ఇడ్లీలు వచ్చాయి. ఇడ్లీకి 0.4 గ్రాము. నాలుగు తింటే 1.6. పల్లీ చట్నీ 50 గ్రాములు వేసుకుంటే ఇంకో 0.6. పైన నెయ్యి పోసి ఒక స్పూన్ కారప్పొడి, ఇంకో అర గ్రాము. మొత్తం 2.7. పొద్దున తొమ్మిదింటికే రోజు కోటాలో సగం దాటిపోయింది, ఇంకా ఉప్పుగా ఉన్నదేదీ తిన్నట్టే లేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఇంకో సంగతి తేలింది. హోటల్లో ఇరవై ఆరేళ్ళూ నా కళ్ళ ముందే ఉంది గానీ తట్టలేదు. మనం అన్నంలో ఉప్పు వేయం. ఆ చప్పిడి అన్నం పళ్ళెం నిండా పెట్టుకుని, దాని మధ్యలో కాస్త కూర వేసుకుంటాం. కూరలో ఉప్పు కూర కోసం కాదు, ఆ అన్నమంతటినీ మోయడం కోసం. అన్నం ఎంత ఎక్కువైతే కూర అంత ఉప్పగా, అంత కారంగా ఉండాల్సి వస్తుంది. ఉత్త కూర నోట్లో వేసుకుని చూడండి, ఎంత ఉప్పో తెలుస్తుంది. అందుకే ఉప్పు తగ్గించాలంటే ముందు తగ్గాల్సింది అన్నం. మూడు గరిటెల అన్నం తినే మనిషి రెండు తిని, కూర కాస్త ఎక్కువ వేసుకోవాలి. అప్పుడు కూరలో ఉప్పు మూడో వంతు తగ్గించినా నోటికి వెలితి తెలియదు. మామయ్యగారికి షుగర్ కూడా ఉంటే అందులోనూ మేలే.

కానీ కూర ఎక్కువ తిని ఉప్పు మాత్రం పాతంతే వేస్తే లెక్క తిరగబడుతుంది. మా ఇంట్లో మొదటి వారం అదే జరిగింది. కూర ఎక్కువ, ఉప్పు అంతే. నా బీపీ కదల్లేదు.

తగ్గించడం ఎట్లా అంటే, ఎవరికీ చెప్పకుండా. హోటల్లో ఉప్పు తగ్గిస్తే కస్టమర్ మళ్ళీ రాడు, కాస్త ఎక్కువైతే మజ్జిగ తాగి వెళ్ళిపోతాడు. అందుకే మా వాళ్ళందరం ఒక పిసరు ఎక్కువే వేస్తాం, దాచేదేం లేదు. నాకు బీపీ వచ్చాక పప్పులో మాత్రం వారానికి పదో వంతు చొప్పున తగ్గించి చూశాను. ఆరు వారాల్లో దాదాపు సగానికి వచ్చింది. రోజూ వచ్చే బ్యాంకు గుమాస్తాలు, లారీ డ్రైవర్లు ఒక్కరూ అడగలేదు. అదే ఒకసారి వంటమనిషి సెలవులో ఉండి ఒక్కరోజులో సగం పడింది, మొదటి బంతిలోనే ముగ్గురు ఉప్పు అడిగారు. నాలుకను మోసం చేయకూడదు, మెల్లగా అలవాటు చేయాలి. మూడు నాలుగు వారాలు పోయాక పాత ఉప్పే ఎక్కువనిపిస్తుంది. మీరూ డబ్బాలో స్పూన్ వేశాక వారానికి ఒక్క పావు స్పూన్ తగ్గించండి. అత్తయ్యగారితో చర్చ పెట్టొద్దు. 1930లో ప్రకాశం పంతులుగారు ఉప్పు సత్యాగ్రహానికి దేవరంపాడును కేంద్రం చేసుకున్న నేల మనది. ఇక్కడ ఉప్పు మీద ఆంక్ష అంటే ఎవరికైనా కోపమే.

వంటలో ఉప్పు ఎప్పుడు వేస్తామన్నది కూడా తేడా చేస్తుంది. వేపుళ్ళలో చివర్లో, స్టవ్ కట్టే ముందు చల్లితే ఉప్పు ముక్క పైనే ఉంటుంది, నాలుకకు ముందు అదే తగులుతుంది, కాబట్టి తక్కువతో సరిపోతుంది. పప్పులోనూ ఎనిపాక వేయండి, ఉడికేటప్పుడు వేయొద్దు. వంకాయ, బెండకాయ లాంటివి నీరు వదలాలని మొదట్లోనే వేస్తారు. అప్పుడు ముక్క గిన్నె నిండా ఉంటుంది కదా, దాన్ని చూసి వేస్తారు. మగ్గి సగమయ్యాక ఉప్పు కశం. మొదట్లో చిటికెడు వేసి మిగతాది తర్వాత చూసుకోవాలి. ఉప్పెక్కువైతే బంగాళదుంప ముక్క వేస్తే లాగేస్తుందంటారు. దుంప ఆ పులుసునే పీలుస్తుంది, ఉప్పును విడిగా లాగదు. నీళ్ళు పోసి పలచన చేయడమొక్కటే దారి.

పులుపు మన చేతిలో ఉన్న పెద్ద ఆయుధం. పొదలకూరు మార్కెట్‌కు నిమ్మకాయలు బస్తాలకొద్దీ వచ్చే జిల్లా పక్కనే ఉండి ఉప్పుతో రుచి తెచ్చుకోవడం ఎందుకు? పప్పు దించాక సగం నిమ్మచెక్క పిండితే ఉప్పు పావు వంతు తగ్గినా తెలియదు. పచ్చిమామిడి, చింతచిగురు, గోంగూర ఏదైనా ఇదే పని చేస్తుంది. వెల్లుల్లి దంచి వేసిన ఘాటు పోపు, వేయించిన ధనియాలు, జీలకర్ర కూడా. ఒక్క జాగ్రత్త, కారం పెంచితే అన్నం ఎక్కువ తింటారు, తిరిగి మొదటికొస్తాం.

చేపల పులుసు మాత్రం వేరే కథ. నెల్లూరు పులుసు వండిన పూట తినేది కాదు, మర్నాటికి ముక్కకు పులుపు, ఉప్పు పడితేనే రుచి. వండేటప్పుడు పులుసు రుచి చూసి "సరిపోయింది" అనిపించేలా ఉప్పు వేస్తాం. మర్నాడు వేడి చేస్తాం, నీరు ఇగురుతుంది, ఉప్పు ఇగరదు. రాత్రికి ఇంకోసారి వేడి చేస్తే ఇంకా ఉప్పగా మారుతుంది. అందుకని దించేటప్పుడు నాలుకకు కాస్త వెలితిగా ఉండగానే ఆపేయండి. మామిడికాయ ముక్కలు వేసే రోజుల్లో ఇది ఇంకా సులువు. ఎండు చేపల్లో చిన్న నెత్తళ్ళు చాలావరకు ఇసుకలో, వలల మీద ఉత్తగా ఎండబెట్టినవే. ఉప్పులో ఊరబెట్టి ఎండించిన పెద్ద చేప ముక్కలతోనే గొడవ. వేడినీళ్ళలో పావుగంట నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే కొంత పోతుంది, అంతా పోదు. నెలకోసారి తినే వస్తువుగా చూడండి.

ఆవకాయ గురించి చెప్పకుండా ఎట్లా. పోయిన వేసవిలో మా ఇంట్లో పెట్టిన లెక్క ఇది: ముక్కలు 2 కిలోలు, ఉప్పు 300 గ్రాములు, కారం 350, ఆవపిండి 300, నూనె ముప్పావు లీటరు, వెల్లుల్లి, మెంతులు కాస్త. అంతా కలిపి 3 కిలోల 700 గ్రాముల దాకా తూగింది. అంటే నూటికి ఎనిమిది పాళ్ళు ఉప్పు. వేడన్నంలో ఒక పెద్ద స్పూన్, సుమారు 20 గ్రాములు వేసుకుంటే 1.6 గ్రాముల ఉప్పు. పెరుగన్నంలో ఇంకో ముక్క. రోజు కోటాలో సగానికి దగ్గరగా పచ్చడి ఒక్కటే తీసుకుంది, ప్యాకెట్ లెక్కలో ఇది కనిపించనే లేదు.

అలాగని ఆవకాయలో ఉప్పు తగ్గించి పెట్టకండి. నిలవ పచ్చడిని కాపాడేది ఉప్పే, తగ్గిస్తే బూజు పట్టి జాడీ అంతా పారబోయాలి. మా ఆవిడ ఒక ఏడు ఆ పని చేసింది, ఇప్పటికీ నన్నే తిడుతుంది. దానికి బదులు పూటకు పూట రోటి పచ్చడి నూరుకోండి. నిలవుండాల్సిన పని లేదు కాబట్టి దానికి అంత ఉప్పు అక్కర్లేదు. దోసకాయ పచ్చడో, టమాటా పచ్చడో 30 గ్రాములు వేసుకున్నా ఉప్పు అర గ్రాము లోపే. జాడీలో ఆవకాయ ఆదివారానికి ఉంచండి, దాని గరిట తీసేసి టీస్పూన్ పెట్టండి. పెరుగన్నంలోకి ఉల్లిపాయో, ఎండాకాలమైతే మామిడిపండో. పెరుగులో ఉప్పు వేసుకునే అలవాటు మామయ్యగారికి ఉంటే మొదట ఆపాల్సింది అది. ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు మూడూ ఒకే పూట వద్దు, రోజుకొకటి. అప్పడం ఒక్కటి అర గ్రాము ఉప్పు ఇస్తుంది, అది కరకరలాడుతుంటే నాలుగు తినేస్తాం.

బయటి తిండిలో నన్ను ఆశ్చర్యపరిచింది బ్రెడ్. తియ్యగా ఉంటుంది కదా అనుకుంటాం, రెండు ముక్కల్లో అర గ్రాము దాటే ఉంటుంది. ఇన్‌స్టంట్ నూడుల్స్ చిన్న ప్యాకెట్ వెనక సోడియం 800 మిల్లీగ్రాముల దాకా కనిపిస్తుంది, 400తో భాగిస్తే రెండు గ్రాముల ఉప్పు. బాబుకు పెట్టేముందు చూడండి. సాయంత్రం ఫాస్ట్‌ఫుడ్ బండి మీద ఫ్రైడ్ రైస్‌లో ఉప్పు, సోయా సాస్, టేస్టింగ్ సాల్ట్ మూడూ పడతాయి, మూడిట్లోనూ సోడియమే. సోయా సాస్ ఒక్క పెద్ద స్పూన్‌లోనే రెండు గ్రాముల ఉప్పుకు సరిపడా ఉంటుంది. ఇవి వారానికోసారి అయితే ఫరవాలేదు.

ఇంకోటి ఎవరూ అడగరు. పెద్దవాళ్ళకు గ్యాస్ పట్టేసిందని నీళ్ళలో కలిపి బుసబుసా పొంగుతుండగా తాగే పొడి ఉంటుంది చూడండి, అది సోడా ఉప్పే. ఒక ప్యాకెట్‌లో రెండు గ్రాముల ఉప్పుకు సమానమైన సోడియం ఉంటుంది. మా తమ్ముడు పచ్చడి మానేసి, రోజూ రాత్రి అది తాగుతూ బీపీ తగ్గడం లేదని మొత్తుకునేవాడు. కరిగేటప్పుడు బుసబుసమని పొంగే మాత్రలూ చాలావరకు అంతే.

సైంధవ లవణం అడిగారు. రంగు తేడా, రేటు తేడా. అందులోనూ నూటికి తొంభై ఐదు పాళ్ళకు పైగా అదే సోడియం క్లోరైడ్. బీపీకి దాని వల్ల ఒరిగేదేం లేదు. నష్టం మాత్రం ఒకటుంది, చాలావాటిలో అయోడిన్ ఉండదు. అయోడిన్ లేని ఉప్పును నేరుగా తినడానికి అమ్మకూడదని 2006లో దేశమంతా నిషేధం పెట్టింది గాయిటర్ (గొంతు దగ్గర గ్రంథి వాపు) లాంటి జబ్బుల వల్లే. మా చిన్నప్పుడు ఇస్కపల్లి కొఠార్ల నుంచి, చినగంజాం నుంచి వచ్చే రాళ్ళుప్పు కుండల్లో పోసుకునేవాళ్ళం. ఆ రుచి ఇప్పటికీ ఇష్టమే, కానీ పచ్చళ్ళకూ చేపలు కడగడానికీ మాత్రమే వాడతాను. తక్కువ వేస్తాం కాబట్టి, వేసే ఆ కాస్తా అయోడిన్ ఉన్నదై ఉండాలి.

మీది తీరం పక్క ఊరు కాబట్టి నీళ్ళ మాట కూడా. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాటితో పప్పు, చారు కాచకండి, తాగే నీళ్ళతోనే వండండి. ఉప్పు నీళ్ళ పప్పులో వేసిన ఉప్పు కొలిచి ఏం లాభం?

ఇంత చేసినా నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష ఉంది. 24 గంటల మూత్రం పట్టి సోడియం చూస్తారు. తిన్న సోడియంలో దాదాపు తొంభై శాతం మూత్రంలోనే పోతుంది కాబట్టి ఇది అబద్ధం చెప్పదు. రిపోర్టులో రోజు మొత్తానికి వచ్చిన మిల్లీమోల్ అంకెను 17తో భాగిస్తే తిన్న ఉప్పు గ్రాముల్లో వస్తుంది. 170 వస్తే పది గ్రాములు. డాక్టర్ని అడిగి చేయించుకోవచ్చు, అందరికీ అవసరం లేదు. అత్తయ్యగారు ఇంకా "తక్కువే తింటాం" అంటుంటే మాత్రం కాగితం మీద అంకె చూపించడం తేలిక.

ఫలితం ఎంతుంటుందని ఆశించాలి? ఉప్పు రోజుకు నాలుగు గ్రాములకు పైగా తగ్గించినవాళ్ళ మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, బీపీ ఉన్నవాళ్ళలో పై అంకె సగటున ఐదు పాయింట్ల దాకా తగ్గింది. 152 కాస్తా 120 అయిపోదు. కాబట్టి మాత్ర మానొద్దు. ఇంట్లో మిషన్ ఉంటే ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక, రోజూ ఒకే వేళకు చూసి ఆ నోటు పుస్తకంలోనే రాయండి. పెరిగిన రోజు ముందు రాత్రి ఏం తిన్నారో మీకే కనిపిస్తుంది. మా పుస్తకంలో పెళ్ళి భోజనాల మర్నాడు అన్నీ ఎర్ర గీతలే.

మరీ అతి చేసినా ప్రమాదమే. రోహిణి కార్తెలో పొలంలోనో రొయ్యల చెరువు గట్టునో చెమటలు కారేలా పనిచేసే మనిషికి మజ్జిగలో చిటికెడు ఉప్పు తప్పు కాదు. మామయ్యగారి మాత్రల్లో మూత్రం ఎక్కువ వచ్చేది ఉందేమో డాక్టర్ని అడగండి. అది వాడుతూ ఉప్పు పూర్తిగా మానేసిన పెద్దవాళ్ళకు సోడియం పడిపోయి మగత, తూలు రావడం నేను కళ్ళారా చూశాను. అట్లా అనిపిస్తే ఇంట్లో వైద్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

చివరగా ఆ తక్కువ సోడియం ఉప్పు. అందులో సోడియం క్లోరైడ్ కొంత తీసేసి, ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. చైనాలో 600 పల్లెల్లో, దాదాపు 21 వేల మంది మీద చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. అప్పటికే పక్షవాతం వచ్చినవాళ్ళు, అరవై దాటి బీపీ ఉన్నవాళ్ళు వాళ్ళంతా. నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవాళ్ళలో పక్షవాతం 14 శాతం తగ్గింది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దవాళ్ళు ఇలాంటిది వాడొచ్చని సూచించింది, గర్భిణులను, పిల్లలను, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళను మినహాయించి. కాబట్టి మామయ్యగారికి పనికొచ్చే వస్తువే. కొనేముందు ప్యాకెట్ వెనక చూడండి, కొన్నిటిలో సోడియం 15 శాతమే తక్కువ. "ఇది తేలిక ఉప్పే కదా" అని ఇంకో చిటికెడు వేస్తే ఆ పదిహేనూ అక్కడికక్కడే పోతుంది. బాబు కూర, మామయ్యగారి కూర ఒకే గిన్నెలో వండుతారు కాబట్టి, ఆ ఉప్పు వాడితే బాబు వాటా ముందే తీసి పక్కన పెట్టి, దానికి మామూలు ఉప్పు విడిగా కలపండి. మామయ్యగారికి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష), పొటాషియం పరీక్షలు చేయించి, బీపీ మాత్ర పేరు డాక్టరుకు చెప్పాకే మొదలుపెట్టండి. టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పైరోనొలాక్టోన్ లాంటి మందులు ఒంట్లో పొటాషియాన్ని పెంచుతాయి, దానికి ఈ ఉప్పు తోడైతే గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది.

కనిగిరి మాత్రం ఇప్పుడే పంపకండి. ఆ వైపు నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి మీకు చెప్పక్కర్లేదు, కిడ్నీ జబ్బులు కూడా అక్కడ ఎక్కువగానే వింటున్నాం. కిడ్నీ దెబ్బతిన్నట్టు చాలామందికి చాలా కాలం దాకా తెలియనే తెలియదు. అమ్మగారికీ నాన్నగారికీ ఇద్దరికీ క్రియాటినిన్ చేయించి, రిపోర్టు డాక్టరు చూసి సరేనన్నాక అప్పుడు ప్యాకెట్ కట్టండి. ఈలోపు వాళ్ళ వంటింట్లో ఉన్న మామూలు ఉప్పు ప్యాకెట్ మీదే తేదీ రాయమని ఫోన్ చేసి చెప్పండి.